మంచుకనుమలో నొక దినము

ఈ మాసము మన ముచ్చట వంటయింటిని విడిచి మిక్కిలి దూరము పోవుచున్నది. ఐర్లండు దేశమున మొదలిడి, సింధునదీ ప్రాంతపు మంచుకొండల నడుమ కనుమ యొకటి దాటి, ఢిల్లీ నగరము చేరును. అయినను తుదకు మరల మన యింటి గడపకే వచ్చును గావున సోదరీమణులు కొంచె మోపికతో మా వెంట రావలయునని కోరుచున్నాము.

అడవులలో నొంటరిగా నడచిన స్త్రీలు మనకు క్రొత్త కాదు. దమయంతి ఘోరారణ్యమున దిక్కు తోచక తిరిగినది. సావిత్రి యమధర్మరాజు వెంట నడచినది. బాల్యమున భారతము చదువుకొనుచున్నప్పుడు మాకొక సందేహము కలుగుచుండెడిది. ఈ పుణ్యవతు లందఱును భర్తల కొఱకే యడవులు త్రొక్కిరి గాని, ఆ కొండ కావల నేమున్నదో చూచి వత్తునని బయలుదేరిన దొక్కతెయు లేదేమి? మాకు భారతము చెప్పిన తాతగారీ ప్రశ్న విని నవ్వి, "పోయి వచ్చినవారు చెప్పలేదేమో, అమ్మాయీ" అనిరి. ఆ మాట మాకు చాలకాలము జ్ఞాపకముండెను.

పోయి వచ్చి, చెప్పిన యొకతె కథ యిది. ఆమె పేరు డెర్వ్లా మర్ఫీ. ఐర్లండు దేశమున వాటర్‌ఫర్డ్ మండలమునందు లిస్మోర్ అను చిన్న పట్టణమున 1931వ సంవత్సరము నవంబరు 28వ తేదీన జన్మించెను. తండ్రి యా మండలపు గ్రంథాలయాధికారి. ధనవంతులు కారు, పుస్తకముల విలువ నెఱిగినవారు. పదవ పుట్టిననాడు తలిదండ్రులామెకు ఒకరు వాడి విడిచిన సైకిలు నొకదానిని బహూకరించిరి. తాతగారు దేశపటముల పుస్తకము నొకదానిని పంపిరి. ఈ రెండు కానుకలు నొక్కచోట కలిసిన ఫలమేమో గాని, కొలది దినములలోనే యా బాలిక ఊరి చెంత నున్న కొండదారిని సైకిలు త్రొక్కుచు, తన కాళ్ళ వంక చూచుకొని, ఇట్లే ఆగక త్రొక్కుచుండినచో నొకనాటికి హిందూదేశము చేరవచ్చును గదా యని తలచెను. ఆ తలపు నెవ్వరికిని చెప్పలేదు. చెప్పిన పెద్దలు ముద్దుగా నవ్వుదురని యామెకు తెలియును. పైరునకు తెగులెట్టిదో, పిల్లల కోరికలకు పెద్దల నవ్వు అట్టిది. కావున దాచుకొనెను.

దాచుకొనుట యెంతకాలమనుకొనుచున్నారు? ఇరువదియొక్క సంవత్సరములు. ఆ సంవత్సరము లెట్లు గడచినవో ముందు చెప్పిన గాని, ఆ మంచుకనుమలో గడచిన దినముయొక్క అర్థము మనకు బోధపడదు.

డెర్వ్లా తల్లి, కుమార్తె పుట్టిన కొలదికాలమునకే కీళ్ళవాతమునకు లోనై, క్రమక్రమముగా నడువజాలని స్థితికి వచ్చెను. ఇంట పనివారు నిలువకుండిరి. కుమార్తెకు పదునాలుగేండ్లు రాగా బడి చదువు మాని యింటి భారమును, తల్లి సేవను చేకొనవలసి వచ్చెను. మంచము పట్టినవారికి సేవచేసిన సోదరీమణులకు ఆ దినచర్య నెవ్వరును వర్ణించి చెప్ప నక్కఱలేదు. తెల్లవాఱుజామున లేవదీయుట, ఒడలు తుడుచుట, ప్రక్క మార్చుట, వేళకు మందిచ్చుట, నోటి కన్న మందించుట, రాత్రి పిలుపు వినబడినంతనే లేచుట, మరల తెల్లవాఱుట. ఇట్లు పదునాఱేండ్లు. సేవ చేయువారి సహనమును, చేయించుకొనువారి సహనమును రెండును తరిగిపోవు దినములు వచ్చును. తల్లీకూతు లిరువురును గుణవంతులే యైనను వచ్చును. డెర్వ్లా తరువాతి కాలమున వ్రాసిన స్వీయచరిత్రలో దీనిని దాపఱికము లేక చెప్పుకొనినది. 1961లో తండ్రి గతించెను. 1962లో తల్లి గతించెను. అప్పటి కామెకు ముప్పదియేండ్లు.

మఱుసటి సంవత్సరము జనవరి 14వ తేదీన, అనగా మన యిండ్లలో సంక్రాంతి ముగ్గులు పెట్టుకొను దినములలో, ఆమె ఫ్రాన్సు దేశపు రేవుపట్టణమగు డంకర్కునుండి సైకిలుపై హిందూదేశమునకు బయలుదేరెను.

ఆ సైకిలును గూర్చి కొంచెము చెప్పవలయును. అది పురుషులు త్రొక్కు తరహా బండి. బరువు 37 పౌనులు. స్పెయిను దేశపు మహాకవి సెర్వాంటెస్ రచించిన కథలో డాన్ క్విక్సోట్ అను వెఱ్ఱివీరుని బక్కగుఱ్ఱము పేరు రోసినాంటె. ఆ పేరే తన సైకిలునకు పెట్టి, ముద్దుగా "రాజ్" అని పిలుచుకొనెడిది. ఎక్కుడుదారిలో కాళ్ళకు శ్రమ తగ్గించుటకై గొలుసును ఒక పంటిచక్రమునుండి మఱియొక దానికి మార్చు గేర్ల యమరిక దాని కుండెను. దానిని ఆమె ముందే ఊడదీయించెను. ఆసియా రాళ్ళదారులలో నట్టి సున్నితపు యంత్రము చెడిన బాగుచేయువారు దొరకరని యామె యోచన. పెద్దయెత్తులు వచ్చినచోట దిగి నడచుటకు ముందే సిద్ధపడినదన్నమాట. విడి టైర్లను దారిలోని నగరములకు ముందుగనే పంపించుకొనినది. తన సామాను 28 పౌనులు మించకుండ చూచుకొనినది. బండియు సామానును కలిసి 65 పౌనులు. మన లెక్కలో ఇరువదితొమ్మిదిన్నర కిలోలు. మన వంటయింటికి వచ్చు నిండు గ్యాసుబండ బరువు సరిగా నంతియే. దానిని గడపలోనుండి పొయ్యివఱకు జరుపుట కెంత పాటో మనకు తెలియును.

ఆ యేడు యూరపు ఖండమున పడినంత చలి అక్కడి పెద్దలు చాలకాలముగా నెఱుగరు. చెవులు గడ్డకట్టు గాలిలో, బండి నడువనిచోట మోటారుబండ్ల సాయము కొనుచు, ఇటలీ, యుగోస్లావియా, బల్గేరియా దాటెను. యుగోస్లావియాలో తోడేళ్ళు మీదికి దూకగా వెంటనున్న చిన్న పిస్తోలుతో కాల్చి ప్రాణము దక్కించుకొనెను. తుర్కీ, ఇరాను దేశములు గడచెను. ఆఫ్గనిస్థానమున బస్సులో ఎవరో తగవులాడుకొనుచుండగా తుపాకిమడమ తగిలి ప్రక్కటెముకలు మూడు విఱిగెను. అయినను ఆ దేశమును, అక్కడి జనులను ఆమె ప్రేమించినంతగా మఱి యే దేశమును ఆ యాత్రలో ప్రేమింపలేదు. ఇట్లు జూను మాసమునకు గిల్గిట్ సీమకు వచ్చెను. అచ్చటినుండి సింధునది వెంబడి చిలాస్ అను ఊరికిని, చిలాస్‌నుండి బాబూసర్ కనుమ మీదుగా కాగాన్ లోయకును పోవలయునని నిశ్చయము.

స్నానవేళ మనము తలచుకొను నదులలో సింధువు నొకటి. మనము తలచుకొనునప్పుడు మనసునకు తోచునది చల్లని జలము. చిలాస్ దాపున సింధువు ప్రవహించు చోటు అట్టిది కాదు. ఇరుప్రక్కల చెట్టు లేని, గడ్డి లేని రాతిగోడలు. పగలెల్ల ఎండను త్రాగి ఆ గోడలు కొలిమివలె సెగలు గ్రక్కును. క్రింద నది బురదరంగున ఘోషించుచు పాఱుచుండును గాని, దిగి దోసెడు నీరు త్రాగుటకు చాలచోట్ల దారియుండదు. ఇప్పటివలె కారకోరం రహదారి యప్పుడు లేదు. అది 1970వ దశకము చివరకు గాని పూర్తి కాలేదు. రాళ్ళు పఱచిన జీపుదారియే గతి. ఆ సెగలో డెర్వ్లాకు ఎండదెబ్బ తగిలి ప్రాణము మీదికి వచ్చెను. ప్రక్కటెముకలు విఱిగినప్పుడు బెదరని మనిషి ఆ యెండకు బెదరెను.

ఇక చూడుడు ప్రకృతి విచిత్రము. చిలాస్ ఊరు సముద్రమట్టమునకు సుమారు నాలుగువేల అడుగుల యెత్తున నున్నది. బాబూసర్ కనుమ యెత్తు 13,690 అడుగులు. ఈ రెంటి నడుమ దూరము సుమారు ముప్పది మైళ్ళు. మన తిరుమలకొండ యెత్తు మూడువేల అడుగులకు లోపే. ఆ కనుమ దానికి దాదాపు అయిదింతలు. నిన్న ఎండదెబ్బ, నేడు గడ్డకట్టిన మంచు. మనము వేసవికి వేసవి బట్టలు, చలికి చలిబట్టలు ఆఱు మాసముల యెడముతో పెట్టెలోనుండి తీయుదుము. అక్కడ ఆ రెండు ఋతువుల నడుమ నున్నది ముప్పది మైళ్ళు మాత్రమే.

ఆ యెత్తున మఱియొక యిబ్బంది కలదు. గాలి పలుచనగును. మనము సముద్రతీరపు ఊళ్ళలో నొక్క ఊపిరికి పీల్చుకొను ప్రాణవాయువులో అయిదింట మూడు పాళ్ళు మాత్రమే అచ్చట లభించును. ఇల్లాండ్రకు సుళువుగా తెలియుటకు వంటయింటి మాట యొకటి చెప్పెదము. మన యింట నీరు నూఱు డిగ్రీల వేడిమికి తెఱలును. ఆ కనుమపై ఎనుబదియాఱు డిగ్రీలకే తెఱలిపోవును. తెఱలుట కనబడును గాని వేడి చాలదు. కందిపప్పు పొయ్యిమీద పెట్టిన పూటంతయు కూర్చున్నను మెత్తబడదు. పప్పునే ఉడుకనీయని గాలి, కొండ యెక్కువాని గుండెను మాత్ర మేల విడుచును? నాలుగడుగులు వేయుట, నిలుచుట, ఊపిరి తీయుట, మరల నాలుగడుగులు. తల పోటు. కడుపున త్రిప్పుట. బలశాలి యైన పురుషునికిని ఇదే గతి.

జూను మాసము వచ్చినను ఆ యేడు కనుమదారి యింకను తెఱువలేదు. శీతకాలమున పడమటినుండి వచ్చు మేఘములు ఆ కొండలపై కుమ్మరించిన మంచు వేసవి నడిమికి గాని కరగదు. జీపులు పోవు. కొండ క్రింది పల్లెవారు వలదనిరి. ఆమె వారి మాట విని తలయూపి, తెల్లవాఱిన తరువాత పోయెను. ఇది మొండితన మందుమా? అందుము. మేము దానిని ధైర్యమని కప్పిపుచ్చము. కాని వెనుకకు మఱలిన ఆ రాతికొలిమిలోనికే దిగవలసి యుండెనని కూడ జ్ఞాపక ముంచుకొనవలయును.

పైకి పోవుకొలది దారి మంచు క్రింద మాయమయ్యెను. ఎక్కడ గట్టినేలయో, ఎక్కడ గోయిపై కప్పిన మంచుపొరయో తెలియని తెల్లదనము. సైకిలు త్రొక్కుట మాట యటుండనిండు; నడిపించుకొని పోవుటయు సాగదు. చక్రము మంచులో దిగబడును. లాగిన జాఱును. నెట్టిన ఒరగును. తుదకు ఆమె బండిని భుజముపై వైచుకొనెను. రౌతు గుఱ్ఱము నెక్కుట లోకరీతి. ఇచ్చట గుఱ్ఱమే రౌతు నెక్కెను. సామాను మాట విడిచి, బండి యొక్కటియే పదునేడు కిలోల బరువు, నిండు నీళ్ళబిందెంత. పంపుకడనుండి ఇంటికి బిందె మోయుటయే మనకు మెడలు పట్టించును. ఆమె దానిని పలుచని గాలిలో, దారి లేని మంచుపై, పదమూడువేల అడుగుల యెత్తునకు మోసెను.

కనుమ నెత్తి కెక్కినతోడనే కష్టము తీఱునని కథలలో వ్రాయుదురు. కొండదారి యెఱిగినవారు అట్లనరు. ఎక్కుటలో ఊపిరి పోవును గాని, దిగుటలో కాలు పోవును. దక్షిణపు వాలున కాగాన్ లోయ. అందు లూలూసర్ అను సరస్సు కలదు. కున్హార్ అను నది ఆ సీమనుండి దిగి జీలం నదిలో కలియును. జీలమునే మన పూర్వులు వితస్త యనిరి. సింధువు నొడ్డున బయలుదేరినవారు వితస్త నీటికడకు దిగవలెనన్నమాట. ఆ వాలుపైనను మంచే. దారి ఆనవాలు తప్పిపోయెను. మధ్యాహ్నమగుకొలది మఱియొక యపాయము. మంచుకొండలలోని యేఱులు మన యేఱులవంటివి కావు. వానికి వాన యక్కఱలేదు, ఎండ చాలును. ఉదయమున పిల్లలు దాటదగిన పాయ, సూర్యుడు నడినెత్తికి వచ్చి మంచు కరగుకొలది, సాయంకాలమునకు ఏనుగునైన పడద్రోయు వరద యగును. అందుచేతనే ఆ సీమవారు ఏఱులను తెల్లవాఱుజామున దాటుదురు.

డెర్వ్లా అట్టి యేటి యొడ్డునకు వచ్చి చూడగా, వంతెన లేదు. నీరు మంచునీరు, వడి విపరీతము. వెనుక కనుమ, ముందు ఏఱు. మోసి మోసి భుజములు పుండ్లైనవి. ఒంటరిది. కేకవేసిన పలుకువారు లేరు.

అప్పుడచ్చటికి నల్లని యావు ఒకటి వచ్చెను. కొండజాతి యావు, గాడిదకన్న కొంచెమే పెద్దది. అది మనుష్యు లెవ్వరును లేని ఆ రాళ్ళలో నొంటిగా కనబడుట చూచి, అలసటచే తన కన్నులు భ్రమించుచున్నవేమో యని డెర్వ్లా అనుకొనెను. భ్రమ కాదు. ఆవు ఏఱు దాటబోవుచున్నది. నాలుగు కాళ్ళు, నీటిని త్రోయు బరువు, ఆ దారికి అలవాటు. ఈ మూడును దాని కున్నవి, ఆమెకు లేవు. ఆమె సైకిలును మోసికొనుచు, ఒక చేతిని ఆవు మెడ చుట్టు వైచి, దానితో కూడ నీట దిగెను. ఆవు విదిలింపలేదు. తన పాటికి తాను నడచి ఒడ్డెక్కెను, ఆమెయు నెక్కెను.

సోదరీమణులారా, ఇది చదివినప్పుడు మాకు గగుర్పాటు కలిగినది. వైతరణిని దాటించునది గోవని మనము చిన్ననాటినుండి విని, పెద్దల కడపటి వేళ గోదానము చేయించు చుందుము. మన పురాణ మెఱుగని యొక ఐర్లండు వనితకు, దానమీయకయే, జీవించియుండగనే, వైతరణివంటి యేటిని దాటించుటకు గోవు వచ్చుట వింత గాక మఱేమి! ఇది మహిమ యని మేము వాదింపము. వేసవిలో కాగాన్ లోయకు గుజ్జరులను పశుపాలకులు మందలతో ఎక్కివత్తురు. వారి మందనుండి తప్పిన యావు కావచ్చును. కాని అది ఎట్లు వచ్చినను, వచ్చినదానిని గుర్తించి మెడ పట్టుకొనుటకు తగిన బుద్ధి ఆమెకు ఆ యలసటలోను నిలిచియుండుటయే మాకు ముఖ్యముగా తోచుచున్నది.

ఆమె ఆ దినమును దాటి, లోయ దిగి, పాకిస్థానమునుండి హిందూదేశమున ప్రవేశించి, జూలై 18వ తేదీన ఢిల్లీ చేరెను. ఆఱు మాసముల యాత్రకు ఆమెకైన ఖర్చు సుమారు 64 బ్రిటిషు పౌనులు. దారిలో మిత్రులకు పంపుచు వచ్చిన దినచర్యయే 1965లో పుస్తకముగా వెలువడెను. అందు ఈ దినమును గూర్చిన భాగము బీరములు లేక, ఇంటికి వ్రాసిన జాబువలె నుండును. ఢిల్లీ చేరినపిమ్మట ఇంటికి మఱలలేదు. ధర్మశాలలో టిబెట్టునుండి వచ్చిన శరణార్థి బాలబాలికల సేవలో కొన్ని మాసములు గడపెను. రోగిసేవకు అలవాటుపడిన చేతులు ఊరక యుండవు గదా. తరువాత ఇరువదికి మించిన గ్రంథములు వ్రాసెను. 1968లో కుమార్తెను కని, ఒంటరిగా పెంచెను. ఆ పిల్లకు ఆఱేండ్లు వచ్చినప్పుడు, 1974-75 శీతకాలమున, పిల్లను గుఱ్ఱముపై నెక్కించి మరల ఆ సింధునదీ సీమకే తీసికొనివచ్చెను. 2022 మే 22వ తేదీన, తొంబదియవ యేట, లిస్మోర్‌లోని తన యింటనే కన్నుమూసెను.

ఇక మన యింటి గడపకు వత్తము.

ఆ దినమున ఆమెను కాపాడిన గుణము లేవి? కండబలము కొంత. కాని, పదునాఱేండ్లు రోగి మంచముకడ నేర్చినవే యెక్కువయని మా యభిప్రాయము. బరువును ఒడుపుగా నెత్తుట. ఈ పని యెప్పుడు ముగియునని తలపోయక తరువాతి యడుగును మాత్రమే చూచుకొనుట. చేతి కందినదానితో పని గడపుకొనుట. సాయము వచ్చినప్పుడు అభిమానపడక పట్టుకొనుట. ఇవి బడిలో చెప్పరు. ఇల్లాండ్రు చెప్పకయే నేర్చుకొందురు. ఇంటిపని చేయువారికి లోకజ్ఞానము లేదు, ధైర్యము లేదు అని తేలికగా ననువారికి ఈ కనుమ జవాబు.

కాని మాట నింతటితో నాపినచో మేము అన్యాయము చేసినవార మగుదుము. రోగిసేవ ధైర్యమును నేర్పును గావున ఆడుబిడ్డలను ఆ మంచముకడనే కట్టివేయుట మంచిదే యని కొంద ఱర్థము చేసికొనవచ్చును. అది సత్యము కాదు. డెర్వ్లా కోరిక చావక నిలుచుటకు ఒక కారణ మున్నది. మంచములో నున్న ఆ తల్లియే కూతురిని, కొన్ని వారములైన పోయి లోకము చూచి రమ్మని ప్రోత్సహించెడిది. ఆ ప్రోత్సాహముతోనే డెర్వ్లా యౌవనమున ఇంగ్లండు, జర్మనీ, స్పెయిను మున్నగు దేశములలో సైకిలుపై తిరిగి వచ్చుచుండెను. పోయి మరల వచ్చి మంచముకడ కూర్చుండెను. ఆ కొన్ని వారములే లేకున్న, ముప్పదియవ యేట తలుపు తెఱచుకొనినప్పుడు ఆమె కాళ్ళకు గడప దాటు శక్తి యుండెడిదా యని మా సందేహము.

ఈ సందేహము ఊరక కలిగినది కాదు. మే మెఱిగిన యొక యింట ఒక కోడలు పండ్రెండేండ్లు అత్తగారికి సేవచేసినది. ఊరంతయు ఆమెను మెచ్చినది, మేమును మెచ్చితిమి. అత్తగారు పోయిన యేడాదికి, ఇంటివారు మంచిమనసుతోనే, "ఇప్పుడు తీరికయే గదా, ఎక్కడికైన పోయి రారాదా" యనిరట. ఆ మాట మాతో చెప్పుచు ఆమె, "ఎక్కడికని చెప్పుదును, వదినగారూ? ఒకప్పుడు ఎక్కడికో పోవలెనని యుండెడిది. ఎక్కడికో మఱచిపోయితిని" అనినది. నవ్వుచునే అనినది. కాలు విఱిగిన కట్టు కట్టుదురు. మఱచిపోయిన కోరికకు కట్టు కట్టువారెవరు?

కావున మేము కోరునది పెద్దది కాదు. ఏ యింట రోగి మంచము పట్టియున్నాడో ఆ యింట సేవ చేయునది ఒక్కతె కాకుండ చూడుడు. కొడుకులకును చేతు లున్నవి. ఒడలు తుడుచుట, ప్రక్క మార్చుట నేర్చుకొన్నచో వారి మగతనమునకు లోపము రాదు. ఏటికి కొన్ని వారములు గాకున్న కొన్ని దినములైనను ఆమెకు సెలవీయుడు. సెలవనగా పుట్టింటికి పోయి అక్కడ వంటచేయుట కాదు. తన యిచ్చ వచ్చినచోటికి పోవుట. రోగులై యున్న పెద్దలకును మా మనవి యొకటి. పొమ్మనుట మీ చేతులలో నున్నది. "నాకేమి, రెండు దినములు గడచును, పోయి రా, తల్లీ" అను మాట మీ నోట వచ్చిన, ఆమెకు దానికి మించిన యాశీర్వచనము లేదు.

ఆడుపిల్లలకు సైకిలు నేర్పుటను గూర్చియు నొక మాట. కొందఱు ఇది నగరపు షోకనుకొందురు. మన పొరుగున తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాయందు, 1990వ దశకపు మొదట అక్షరాస్యతోద్యమముతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పిరి. లక్షకు మించిన పల్లెటూరి స్త్రీలు నేర్చుకొనిరి. కూలిపని చేయువారును, రాళ్ళు కొట్టువారును అందుండిరి. నీళ్ళబిందెలు సైకిలున కెక్కెను. పిల్లలు వెనుక కూర్చుండిరి. బస్సు వచ్చువఱకు, మగవారు తీసికొనిపోవువఱకు, ఎదురుచూచుట తప్పినది. వారిలో నొక్కతెయు బాబూసర్ కనుమ దాటి యుండకపోవచ్చును. ఊరి చివరి దారి దాటిరి, చాలును. ఏ దూరమునకైన మొదటి మైలు అదియే.

ఇంటిలో పిల్లలకు పుస్తకములు కొనునప్పుడు దేశపటముల పుస్తకము నొకదానిని కూడ కొనుడు. వెల యెక్కువ కాదు. దానిని బీరువాలో దాచక, ఆడుపిల్ల కందునట్లు గూటిలో నుంచుడు. ఎప్పుడో యొక సాయంకాలము మీరు కూర తఱుగుచుండగా ఆ పిల్ల వచ్చి, పటముపై వ్రేలుంచి, "అమ్మా, ఇది మనకెంత దూరము?" అని యడుగవచ్చును. అప్పుడు నవ్వకుడు. కత్తిపీట ప్రక్కకు జరిపి, దూరమెంతో చూచి చెప్పుడు.